మొదటి దోసిలి

మా ఇంట్లో తాళంచెవులన్నీ కోడళ్ళకు ఇచ్చేశాను. గాదెది ఇచ్చాను, ఇనప్పెట్టెది ఇచ్చాను, దేవుడి అరది కూడా ఇచ్చాను. ఒక్కటి మాత్రం ఇంకా నా బొడ్లోనే ఉంది. అది మెట్ల కింద గదిది. ఆ గదిలో ఏముందో ఇంట్లో అందరికీ తెలుసు. మైలుతుత్తం పొట్లాలు, తెల్ల ఎరువు మూటలు, అంచు పగలగొట్టిన ఒక మట్టి తొట్టి, ఒక కర్ర తెడ్డు. దొంగ కూడా ముట్టుకోని సరుకు. దానికి తాళం వేసి, చెవి నడుముకు కట్టుకుని తిరిగే ముసలిదాన్ని చూసి మనవరాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

నేను కాపురానికి వచ్చింది మొదటి జర్మనీ యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు. మా పుట్టిల్లు ఒంటిమిట్ట పక్కన. అత్తవారి ఊరు బేతంచెర్ల స్టేషనులో రైలు దిగి ఒక పూట ఎద్దులబండిలో పోతే వస్తుంది. మా వైపు ఎర్రనేల, వాన పడిన గంటకు నడవొచ్చు. ఇక్కడ నల్లరేగడి. వాన పడితే బండి మాట అటుంచి మనిషి కాలే పైకి రాదు. కొత్తలో ఆ మట్టిని చూసి భయపడ్డాను.

మా నాన్న నన్ను మిషను బడిలో అయిదో తరగతి దాకా చదివించాడు. పెళ్ళిచూపులప్పుడు ఆ సంగతి ఎత్తవద్దన్నారు పెద్దవాళ్ళు. ఎత్తలేదు. కాపురానికి వచ్చిన రెండో నెలలో మా ఆయనకు వచ్చిన కార్డు చదువుతూ మా అత్తకు దొరికిపోయాను. ఆమె తిట్టలేదు. "అచ్చరాలు తెల్సిన కోడలొచ్చినాది. ఇంగ కాయితాలు ఉడకబెట్టి వడ్డిస్తాదిలే" అంది. ఆ మాట ఊరంతా తిరిగి, నీళ్ళ బావి దగ్గర మళ్ళీ నా చెవిన పడింది.

వేప తీపి, అత్త మంచి లేవంటారు గాని మా అత్త చెడ్డ మనిషి కాదు. ఇరవై ఆరేళ్ళకే భర్త పోయాడు. కరువులో అందరూ విత్తనాలు దంచుకుని తింటుంటే, ఆమె మాత్రం గాదె అడుగున ఉన్న విత్తనపు జొన్నల మీద చెయ్యి వెయ్యకుండా కొడుకును బతికించుకుంది. ఇది నాకు తర్వాత ఎప్పుడో తెలిసింది. అప్పటికి నాకు ఆమె నోరు ఒక్కటే తెలుసు. నాకూ రోషం తక్కువేం కాదు. పైకి మాట్లాడను, లోపల పెట్టుకుంటాను. అది ఇంకా చెడ్డ రకం.

ఆ రోజుల్లో జొన్నకు కాటుక తెగులు విపరీతంగా ఉండేది. దూరం నుంచి చూస్తే కంకి బాగానే ఉంటుంది. చేత్తో నలిపితే గింజకు బదులు నల్లటి పొడి రాలుతుంది. కళ్ళంలో పని చేసిన ఆడవాళ్ళు సాయంత్రానికి మొహాలు మసి పూసుకున్నట్టు ఇంటికి వచ్చేవాళ్ళు. ఒక ఏడాది మా చేలో పావు వంతు పంట అట్లా పొడి అయిపోయింది.

ఆ మరుసటి ఏడు వ్యవసాయ శాఖ మేస్త్రీ ఒకాయన సైకిలు మీద వచ్చి, చావడిలో మగవాళ్ళను కూర్చోబెట్టి మందు సంగతి చెప్పాడు. నీలంగా, కలకండ ముక్కల్లాగా ఉండే రాళ్ళు. మైలుతుత్తం. దాన్ని కొలత ప్రకారం నీళ్ళలో కరిగించాలి, విత్తనాలు అందులో కాసేపు ముంచి తీయాలి, నీడన ఆరబెట్టి వేయాలి, ఇనుప పాత్ర వాడకూడదు. ఇదంతా అరగంట చెప్పాడట. చెప్పింది మగవాళ్ళకు. ఇక్కడ విత్తనాలు ఏరేదీ, నానబెట్టేదీ, పోసేదీ ఆడవాళ్ళు. చావడి నుంచి ఇంటికి వచ్చేసరికి ఆ అరగంట మాటలు రెండు ముక్కలయ్యాయి. మా ఆయన పొట్లాలు గట్టు మీద పెట్టి, "నీళ్ళల్లో కలిపి జొన్నలు ముంచల్లంట. ఇనప బాన వద్దంట" అని ఎద్దులకు మేత వేయడానికి పోయాడు.

పొట్లానికి ఒక అచ్చు కాగితం చుట్టి ఉంది. నేను చదివాను. మేస్త్రీ చెప్పినవన్నీ ఉన్నాయి. అడుగున ఇంకో మూడు సంగతులు కూడా ఉన్నాయి. ఇది విషమనీ, మందు పట్టిన గింజలు మనుషులు గాని పశువులు గాని తినకూడదనీ, పొరపాటున తింటే పాలు, కోడిగుడ్డు తెల్లసొన తాగించమనీ. మొదటి ఏడాది ఆ సంగతులతో పని పడలేదు. కొలిచి నానబెట్టాం, అన్నీ చేనికే సరిపోయాయి. ఆ ఏడు ఒక్క కంకి కూడా నల్లబడలేదు. మా అత్త కళ్ళం మధ్యలో నిలబడి తెల్లటి కంకులు చేతిలోకి తీసుకుని వాసన చూసింది. మందు మీద ఆమెకు గురి కుదిరింది. ఆ గురే మా కొంప ముంచింది.

ఇక్కడ విత్తనాలు పోసే ఆమె గురించి చెప్పాలి. గొర్రు మీద జడ్డిగం అని ఒక చెక్క గిన్నె ఉంటుంది. ఎద్దులు గొర్రును లాగుతుంటే, వెనకాల నడుస్తూ ఆ గిన్నెలో పిడికిటితో గింజలు వదులుతూ పోవాలి. ఎక్కువ వదిలితే ఒకచోట గుంపుగా మొలుస్తుంది, తక్కువైతే గొర్రు గీసిన చాలు ఖాళీగా మిగులుతుంది. అందరికీ రాదు. మా ఇంటికి ఆ పని చేసే ఆమె ఊరి బయట చర్చి పక్క ఇళ్ళలో ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్దది. తాతల నాటి నుంచి క్రైస్తవులు. భర్త బేతంచెర్ల దగ్గర నాపరాళ్ళ గనిలో పని చేస్తూ శనివారం సాయంత్రం ఇంటికి వచ్చేవాడు.

ఆ ఊళ్ళో నన్ను పేరు పెట్టి ఎగతాళి చేయకుండా మాట్లాడిన మొదటి మనిషి ఆమె. ఆదివారం మధ్యాహ్నం జొన్నలు చెరగడానికని వచ్చేది. కొంగులో బైబిలు ఉండేది. "పాదిరి పొద్దన సదివినాడు గాని తొందర తొందరగా సదివినాడు. నువ్వు మెల్లగా సదువు చిన్నమ్మా" అని పుస్తకం నా ముందు పెట్టేది. నేను గట్టు మీద కూర్చుని చదివేదాన్ని. ఆమె చాటతో చెరుగుతూ వినేది. మిషను బడిలో చదివిన వాక్యాలే కాబట్టి నాకు నోరు తిరిగేది. చదవడం వచ్చినందుకు నాకు ఎవరైనా విలువ ఇచ్చింది ఆ ఊళ్ళో అదే.

మందు వాడిన రెండో ఏడు ఆమెకు ఆరో నెల. అంతకు ముందు రెండుసార్లు పోయాయి. ఒకటి నాలుగో నెలలో, ఇంకొకటి పుట్టిన అయిదో రోజు. ఈసారి కడుపులో బిడ్డ బాగా కదులుతోందని చెప్పేది. ఒకసారి నా చెయ్యి తీసుకుని పెట్టుకుంది. కదిలింది. "నిలబడితే చాలు చిన్నమ్మా. ఆడదైనా, మొగోడైనా. నిలబడితే చాలు" అంది.

నిండు మనిషి చేతి విత్తనం కలిసి వస్తుందని మావాళ్ళ నమ్మకం. మా అత్త సంతోషం చెప్పనలవి కాదు. "ఈ ఏడు మా గొర్రు ఎనక ఇద్దరు నడుస్తాండారు" అని అందరికీ చెప్పుకుంది. చెబుతూ ఒకసారి నా నడుం వైపు చూసింది. నాకు పెళ్ళయి అప్పటికి మూడో ఏడు, పిల్లలు లేరు. ఆ చూపు నేను లోపల పెట్టుకున్నాను.

వెనక వానలు పడి పదును కుదిరిన రోజు విత్తనం మొదలుపెట్టాం. మా అత్త ఆ ఏడు తెచ్చిన రెండు పొట్లాలూ ఒకే తొట్టిలో కుమ్మరించింది. ఒకటి ఇంత పని చేస్తే రెండు ఎంత చేస్తాయో అని ఆమె లెక్క. నేను కాగితం పట్టుకుని వెళ్ళాను. "అత్తా, ఇది విషమంట. ఒక పొట్లమే ఎయ్యాలంట. మిగిలిన గింజలు తినగూడదంట" అన్నాను.

"విత్తనం విషమెట్లయితాదే? విషమైతే మొలక యాడనుంచి వస్తాది?" అంది. జొన్నలు ఏరుతున్న ఆడవాళ్ళు నవ్వారు. అది చూసి ఆమె ఇంకో మాట అంది: "మీ కడపోళ్ళు కాయితం జూసి అన్నం తింటారేమో. మేం ఆకలి జూసి తింటాం."

నేను కాగితం మడిచి పైటలో పెట్టుకున్నాను.

మూడు రోజులు విత్తనం పడింది. చివరి రోజుకు చాలవేమోనని మా అత్త ఎక్కువ నానబెట్టించింది. తొట్టి అడుగున ఉన్నవి ఆ నీళ్ళలోనే రాత్రంతా ఉండిపోయాయి. మర్నాడు చేను అయిపోయాక చూస్తే మూడు మానికల జొన్నలు మిగిలాయి.

మిగిలిన విత్తనాన్ని మావాళ్ళు మళ్ళీ గాదెలో పోయరు. భూమికి ఇస్తామన్నది వెనక్కు తెచ్చుకున్నట్టు. పారబోయడం అంతకంటే పాపం. అందుకని ఉడకబెట్టి గుగ్గిళ్ళు చేస్తారు. చేలోనే గొర్రును కడిగి, పసుపు కుంకుమ పెట్టి, ఆ గుగ్గిళ్ళు పంచుతారు. మొదటి దోసిలి విత్తనాలు పోసిన మనిషిది. ఆమె తిన్నాకే ఎద్దులకు, ఆ తర్వాత మగవాళ్ళకు. ఆమె నిండు మనిషి అయితే రెండు దోసిళ్ళు పోస్తారు, రెండోది కడుపులో బిడ్డకు. ఎన్ని తరాల నుంచి అట్లా చేస్తున్నారో ఎవరికీ తెలియదు. ఎవరికీ ఏమీ కాలేదు, అంతకు ముందు విత్తనానికి మందు లేదు గనక.

కడిగే పని నాకు చెప్పారు. మూడుసార్లు కడిగాను. మూడోసారి కూడా నీళ్ళు పచ్చగానే దిగాయి. "అత్తా, నీళ్ళు ఇంకా రంగు తిరుగుతాండాయి" అన్నాను. "ఇంగోసారి కడుగు" అంది. నాలుగోసారి నీళ్ళు తేటగా వచ్చాయి.

అప్పుడు నేను రెండు గింజలు నోట్లో వేసుకుని కొరికాను. చేదు. చేదు కూడా కాదు, రాగి చెంబు నాకినట్టు. నాలుక ముడుచుకుపోయింది. ఉమ్మేసి నోరు పుక్కిలించాను.

ఆ నిమిషంలో నేను ఏమనుకున్నానో ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఎవరూ దీన్ని మింగలేరు, మొదటి ముద్దకే అందరూ ఉమ్మేస్తారు, చేను మధ్యలో ఊరి ముందర మా అత్త మొహం అప్పుడు చూడాలి అనుకున్నాను. కాగితం చూసి అన్నం తినేవాళ్ళు ఎవరో అప్పుడు తెలుస్తుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు సంతోషంగా కూడా ఉంది. జొన్నలు తీసుకుపోయి మా అత్తకు ఇచ్చాను.

ఆమె మంచి వంటగత్తె. ఆ సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. కొత్త కుండలో ఉడకబెట్టింది. ఏదో వగరు వాసన వస్తోందని బెల్లం వేసింది, చింతపండు పిసికింది, ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డలు దండిగా వేసి పోపు పెట్టింది. చూడ్డానికి కంటికి ఇంపుగా ఉన్నాయి. గంపకెత్తి నా నెత్తిన పెట్టారు. చేనికి మోసుకుపోయింది నేనే.

గొర్రుకు పూజ అయింది. విత్తనాలు పోసిన ఆమె గట్టు మీద కూర్చుని ఉంది. మూడు రోజులు నడిచిన కాళ్ళు వాచాయి. మా అత్త ఆమె కొంగులోకి రెండు దోసిళ్ళు పోసి, "తిను. మా కోడలు నాలుగుసార్లు కడిగినాదిలే" అంది. ఎన్నడూ లేనిది నన్ను నలుగురిలో మెచ్చుకుంది.

ఆమె తినబోయే ముందు ఎప్పుడూ ప్రార్థన చేసుకునేది. ఆ రోజూ కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. నేను ఆమెకు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. తినొద్దు అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆమె ప్రార్థన అంతకంటే చాలా పొడుగు. బిడ్డ కోసం కూడా చేసుకుని ఉంటుంది. నేను మా అత్త మొహం వైపు చూస్తూ నిలబడ్డాను. ప్రార్థన ముగించి ఆమె కళ్ళు తెరిచి నా వైపు చూసింది. తర్వాత తింది.

ఉమ్మలేదు. మొదటి పిడికిలికి మొహం కొంచెం ముడిచింది, అంతే. చేని మీద మొదటి దోసిలి ఉమ్మేస్తే భూమిని ఉమ్మినట్టని ఆమెకు తెలుసు. క్రైస్తవురాలైనా పొలం మర్యాద పొలానిదే. పైగా కారం, పులుపు. రెండు దోసిళ్ళూ అయిపోయాయి. ఎద్దులు మూతి పెట్టి వాసన చూసి తిప్పేసుకున్నాయి. అప్పుడు గొర్రు తోలిన మనిషి ఒక ముద్ద నోట్లో వేసుకుని, గట్టు వెనక్కు పోయి ఉమ్మి వచ్చాడు. "పెద్దమ్మా, ఇదేందో శానా వగరుగా ఉండాది. తినేకి కాదు" అన్నాడు.

మా అత్త ఒక గింజ కొరికింది. ఆమె మొహం నేను చూశాను. నేను కోరుకున్నదే.

నేను చూస్తూనే ఉండగా పక్కన గట్టు మీద విత్తనాలు పోసిన ఆమె వాంతి చేసుకోవడం మొదలుపెట్టింది. ముందు గుగ్గిళ్ళు వచ్చాయి. తర్వాత పచ్చగా, నీలంగా నీళ్ళు. కడుపు పట్టుకుని ఒక పక్కకు ఒరిగిపోయింది. నాకు కాగితంలో చివరి సంగతి గుర్తొచ్చింది. ఊళ్ళోకి పరిగెత్తి పాలు, గుడ్లు తెచ్చాను. తెల్లసొన పాలలో గిలకొట్టి నేనే తాగించాను. కక్కింది, మళ్ళీ తాగించాను. మిషను ఆస్పత్రికి బండి కట్టారు. చేను దాటకముందే వాన మొదలైంది. చక్రాలు ఇరుసుదాకా దిగిపోయాయి. మంచం మీద మోసుకుని ఆమె ఇంటికే చేర్చారు. విత్తనం ముగిసి తొట్టి నీళ్ళు పారబోయక ముందే పదును వాన పడిందని ఆ సాయంత్రం ఊళ్ళో మిగతావాళ్ళు సంబరపడ్డారు.

ఆమె బతికింది. మూడో రోజు పొద్దున బిడ్డ పడిపోయింది. ఆడపిల్ల.

ఆ కబురు వచ్చినప్పుడు నేను జొన్నలు విసురుతున్నాను. విసరడం ఆపలేదు. పిండి ఎత్తాను, జల్లించాను, రొట్టెలు తట్టాను, మా ఆయనకు పెట్టాను. ఆయన తిన్నాడు. నేనూ తిన్నాను. ఆకలి కూడా వేసింది. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని రెండు మూడు రోజులు చూశాను. ఇప్పటికీ రాలేదు.

మా అత్త వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుని, "నువ్వు చెప్తివి గదమ్మా. నేనే ఇనకపోతి" అంది. అమ్మా అని పిలవడం అదే మొదలు. ఆ మాట ఊళ్ళోకి పోయింది. కోడలు ముందే చెప్పిందట, కాగితం చదివి చెప్పిందట, గుడ్లు తెచ్చి ప్రాణం నిలబెట్టిందట. నీళ్ళ బావి దగ్గర నాకు దారి ఇవ్వడం మొదలుపెట్టారు. కార్డు ముక్కలు చదివించుకోవడానికి ఇంటికి వచ్చారు. రెండు గింజలు కొరికి ఉమ్మిన సంగతి ఎవరికీ తెలియదు. నేను మంచిదాన్నయిపోయాను.

వారం తర్వాత చూస్తే వంటింటి గూట్లో, ఉప్పు కుండ పక్కన, మిగిలిన మైలుతుత్తం పొట్లం అట్లాగే ఉంది. ముందరి ఏడాది నుంచీ అక్కడే ఉంది. దాన్ని తీసుకుని మా అత్త దగ్గరకు పోయి, మెట్ల కింద గది తాళంచెవి ఇమ్మన్నాను. ఎందుకని అడగలేదు. నడుం నుంచి విప్పి ఇచ్చింది. గది ఖాళీ చేసి కడిగాను. మందు తొట్టిని బోర్లించి అంచు రాయితో పగలగొట్టాను, మళ్ళీ ఎవరూ పొరపాటున కూడా అందులో తాగే నీళ్ళు పోయకుండా. కలిపే తెడ్డుకు ఎర్ర గుడ్డ కట్టాను. నాపరాయి గట్టు మీద తొట్టి పెట్టినచోట పచ్చటి మరక పడింది. బూడిద పెట్టి తోమినా పోలేదు. అది ఇప్పటికీ ఉంది.

మరుసటి ఏటి నుంచి నానబెట్టడం నేనే కొలిచాను. తొట్టి దగ్గరకు ఇంకెవరినీ రానివ్వలేదు. మందులో ముంచిన గింజ మిగిలితే పేడ, ఎర్రమన్ను కలిపి పిసికి, చేని మూల లోతుగా గుంట తీసి పూడ్చాను. పాపమైతే నాకే తగలనీ అన్నాను. గుగ్గిళ్ళకు కావలసిన జొన్నలు మాత్రం మందు పొట్లం విప్పకముందే, ఉదయమే తీసి వేరే మూట కట్టి ఉట్టి మీద పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఆ సంగతి నాకు తెలుసు.

విత్తనాలు పోయడానికి ఆమె మళ్ళీ వస్తుందని ఎవరూ అనుకోలేదు. భర్త వద్దన్నాడట. వచ్చింది. "ఈ పని తప్ప నాకేమొచ్చు" అంది. మూడు రోజులు గొర్రు వెనక నడిచింది. నాతో ఎప్పటిలాగే మాట్లాడింది, కానీ ఆదివారాలు బైబిలు తీసుకురావడం మానేసింది. ఆ సంవత్సరమంతా ఒక్కసారి కూడా తేలేదు.

విత్తనం ముగిసిన రోజు గుగ్గిళ్ళు నేనే వండాను. గొర్రుకు పూజ అయ్యాక ఆమె దోసిట్లో పోశాను. ఆమె కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. నేను నిలబడ్డాను. కళ్ళు తెరిచి, దోసిలి నా వైపు చాపింది.

"ముందు నువ్వు తిను చిన్నమ్మా" అంది.

గొర్రు తోలే మనిషి, మా ఆయన, మా అత్త, అందరూ చూస్తున్నారు. ఆ కాలంలో మా ఇళ్ళవాళ్ళు ఊరి బయట ఇళ్ళవాళ్ళ చేతిలోది తినడం ఎవరూ కని విని ఎరగరు. నేను ఆమె దోసిట్లోంచి పిడికెడు తీసుకుని తిన్నాను. చప్పగా ఉన్నాయి. ఉప్పు వేయడం మరిచిపోయాను. ఆమె నా గొంతు వైపు చూస్తూ కూర్చుంది. అది దిగిందని చూశాక తాను తినడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత ప్రతి ఏడూ అట్లాగే జరిగింది. మా ఆయన ఒకటి రెండేళ్ళు సణిగి ఊరుకున్నాడు. నాకు ముగ్గురు పిల్లలు పుట్టారు. కడుపుతో ఉన్నప్పుడు కూడా నేనే ముందు తిన్నాను. ఆమెకు మళ్ళీ కడుపు పండలేదు. పండలేదని ఆమె ఎప్పుడూ అనలేదు. నా పిల్లలను ఎత్తుకుని తిప్పింది. పెద్దవాడికి మొదటి అడుగులు ఆమె వేలు పట్టుకునే వచ్చాయి. వాడు ఆమె మెడ కౌగలించుకుంటే నేను పని చూసుకోవడానికి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. మా అత్త పోయింది. పోయేముందు ఆమెను పిలిపించుకుని చెయ్యి పట్టుకుంది. మా అత్త పట్టుకోగలిగింది.

రెండో యుద్ధం రోజుల్లో తెల్ల ఎరువు వచ్చింది. సీమ ఎరువు అనేవాళ్ళు. దొడ్డుప్పు నూరితే ఎట్లా ఉంటుందో అచ్చం అట్లాగే ఉంటుంది. అప్పుడు ఉప్పుకూ, చక్కెరకూ కరువు. గోనె మూటలు చావడిలో దించినప్పుడు ఎవరో వేలితో తీసి నాలిక మీద వేసుకోవడం చూశాను. ఈసారి మేస్త్రీ వేరే మనిషి, పిల్లవాడు. మగవాళ్ళ మధ్యకు పోయి స్తంభం పక్కన నిలబడి, "ఏమప్పా, పొలానికెట్ల ఎయ్యాల్నో చెప్తివి. ఇంట్లో యాడ పెట్టాల్నో చెప్పు. మిగిల్తే ఏం జెయ్యాల్నో చెప్పు. తింటే ఏమైతాదో అది గూడా చెప్పు" అన్నాను. అతను తడబడి కాగితం వెతుక్కున్నాడు. నేను ఆ కాగితం తీసుకుని ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి, వంటింటి గడప దగ్గర నిలబడి ఆడవాళ్ళకు చదివాను. కోపం వచ్చినట్టు చదివేదాన్నట. పిల్లలు భయపడేవాళ్ళట. మా మూటలు మెట్ల కింద గదిలోకి పోయాయి, నేల తడి తగలకుండా రాళ్ళ మీద. కొంచెం కొంచెం అడిగి తీసుకుపోయేవాళ్ళకు ఎర్రమన్ను కలిపే ఇచ్చాను. ఉప్పులాగా కనబడకుండా.

దేశానికి స్వతంత్రం వచ్చిన ఏడు, వెనక వానల విత్తనం ఆమె పోసిన ఆఖరిది. అప్పటికే మోకాళ్ళు పట్టేశాయి. ఒక చాలు నడిచి, ఒక చాలు ఆగి, ఎట్లాగో ముగించింది. వచ్చే ఏటికి ఇంకెవరినన్నా చూసుకోమని తానే చెప్పింది. గట్టు మీద ఇద్దరమే కూర్చున్నాం. మగవాళ్ళు ఎద్దులను కడగడానికి వాగుకు పోయారు. గుగ్గిళ్ళు పోశాను. ప్రార్థన చేసుకుని దోసిలి చాపింది. తిన్నాను. ఈసారి ఆమె నా గొంతు వైపు చూడలేదు. చేను వైపు చూస్తూ అడిగింది.

"ఆ పొద్దు అది చేదని నీకు తెల్సు గదా చిన్నమ్మా?"

పాతికేళ్ళు గడిచాయి. అబద్ధం చెప్పడానికి నాకు మా అత్త మాట ఉంది, ఊరి మాట ఉంది. "తెల్సు. రెండు గింజలు కొరికి ఉమ్మేసినా" అన్నాను.

"నాకూ తెల్సులే. కండ్లు తెర్సినప్పుడు నీ మొగం జూసినా."

"చూసి మరి ఎందుకు తింటివి?"

ఆమె చేతిలో గుగ్గిళ్ళు వేలితో కదిపింది. "నీ మొగమేమో ఒక మాదిరి ఉండె. పెద్దమ్మేమో నువ్వు కడిగినావనె. కాయితాలు సదివే మనిషి, నువ్వు చూసే తెచ్చింటావనుకుంటి. నీ చేతిదాన్ని అనుమానించడం నాకే తప్పనిపించె" అంది.

ఆమె గుగ్గిళ్ళు తినడం మొదలుపెట్టింది. పళ్ళు లేక మెల్లగా నమిలింది. వాగు దగ్గర మగవాళ్ళు ఎద్దులను అదిలిస్తున్న కేకలు వినిపిస్తున్నాయి. దోసిలి అయిపోయేదాకా కూర్చున్నాను.

ఉప్పు సరిపోయిందా అని అడిగాను. సరిపోయింది అంది.